మాడిన మెంతులు

ఏలూరు

అమ్మాజీకి అక్క చెప్పి రాయించేది.

ఫోనులో నీకు సగం మాటే వినపడుతుంది కాబట్టి, పైవాటాలో ఉండే రేహానా టీచరు చేత రాయిస్తున్నాను. మన భావనకి పాప పుట్టి పదహారు రోజులైంది. బాలింతకి పొద్దున్నే పెట్టే మెంతి లడ్డూలు ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా ఎప్పటిలాగే నేనే చేశాను. నాకు చక్కెర జబ్బు కదా, రుచి చూడలేదు. నిన్న రేహానాకి ఒకటి పెడితే, "మామ్మగారూ, మెంతులు మాడిపోయాయండీ, నోట్లో పెట్టుకోలేకపోతున్నాను" అంది. మనవరాలిని అడిగితే, "నువ్వు కష్టపడి చేశావు కదా అమ్మమ్మా" అని తల దించుకుంది. పది రోజులుగా కళ్ళు మూసుకుని మింగుతోందట! "నోరు లేదుటే నీకు?" అని కేకలేశాను.

తప్పు నాదే. మెంతులు కమ్మటి వాసన రాగానే దింపెయ్యాలి. మొన్నటి జ్వరం తర్వాత నాకు ఏ వాసనా తెలియడం లేదు. తెలిస్తే వంటింట్లోంచి లేపేస్తారని ఇంట్లో చెప్పలేదు. రేహానా చేత కూడా ఒట్టు వేయించుకున్నాను. దాచలేక అలిసిపోయానే. మండవల్లిలో మొదటి బస్సెక్కి వచ్చెయ్యి. పొయ్యి పక్కన కూర్చుని వాసన నువ్వు చూడు, గరిటె నేను తిప్పుతాను.

నీ అక్క