పులిహోరలో వెంట్రుక

చిరంజీవి హారతికి అమ్మ దీవెనలు.

ఇక్కడ మీ నాన్న, నేను, గేదె, అందరం ఒంట్లో బాగానే ఉన్నాం. గేదె శుక్రవారం ఈనింది. పెయ్యదూడ. జున్ను పంపుదామంటే నీ దాకా వచ్చేసరికి పాడైపోతుంది. దాళ్వా వరి చేలకు నీళ్ళు వంతుల మీద వదులుతున్నారు, మీ నాన్న పొద్దస్తమానం కాలువ గట్టు మీదే ఉంటున్నారు. నువ్వు బాగున్నానని రాశావు గాని, నీ ఉత్తరం అంతా చదివాక ఆ ఒక్క మాట నేను నమ్మలేదు.

ఉత్తరం బుధవారం సాయంత్రం అందింది. ఆదివారం వార్డెన్ గారి ఫోనులో మాట్లాడదామంటే ఆవిడ పక్కనే కూర్చుని గడియారం చూస్తారు. ఇది అలా చెప్పే సంగతి కాదు. మీ నాన్న మోటారు సామాను కోసం రాజమండ్రి వస్తున్నారు, గేటు దగ్గర ఇస్తారు. ఒక్కదానివే కూర్చుని చదువుకో.

నువ్వడిగినవాటిలో మొదటిది. మొన్న ఆదివారం నాకు జ్వరం లేదు. మీ నాన్న నీకు చెప్పింది అబద్ధం, అలా చెప్పమన్నది నేను. ముందురోజు శనివారం నేను వాడపల్లి వెళ్ళి తలనీలాలు ఇచ్చి వచ్చాను. ఆ గుండుతో నీ హాస్టలు గేటు ముందు నిలబడడం ఇష్టంలేక రాలేదు. మీ క్లాసులో ఉన్న మన ఊరి పిల్ల చెప్పింది అంతవరకూ నిజమే.

రెండోది. “నాకోసం జుట్టు ఇచ్చేశావంట, నాకు మార్కులు రాకపోతే ఆ మొక్కు ఏమవుతుందమ్మా” అని రాశావు. చదివేటప్పుడు చెయ్యి జుట్టులోకి పోకుండా చున్నీతో మంచం కోడుకి కట్టుకుంటున్నానన్నావు. పరీక్షలయ్యాక నేనూ గుండు చేయించుకుంటాను, అప్పుడు ఇద్దరికీ సరిపోతుంది అన్నావు. ఆ ముక్క మూడుసార్లు చదివాను. ఇది చదివిన వెంటనే ఆ చున్నీ విప్పెయ్. మిగతాది చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి.

జుట్టు తిప్పుకోవడం నీకు నానుంచి వచ్చింది, నాకు మా అమ్మనుంచి వచ్చింది. కుడి చెవి వెనక పాయ ఒకటి లాగి, చూపుడు వేలికి చుట్టి, బిగించి, వదిలి, మళ్ళీ చుట్టడం. బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు, ఎవరైనా చెప్పేది వినేటప్పుడు చెయ్యి దానంతటదే పోతుంది. చిన్నప్పుడు మా నాన్నమ్మ ఆ పాయకి వేపాకు ముద్ద రాసింది, వేలికి గుడ్డ కట్టింది. బళ్ళో మాస్టారు ఆ చేత్తో డస్టరు పట్టుకుని కూర్చోమన్నారు. ఎడం చేత్తో తిప్పాను. ఎలా మానేశావని అడిగావు. నేను మానలేదు. చెవి వెనక రూపాయి బిళ్ళంత మేర జుట్టు పలచబడితే, మీ నాన్నకి కూడా తెలియకుండా దువ్వి కప్పేశాను. నలభై రెండేళ్ళు దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. నష్టం వచ్చింది మొన్నే.

బళ్ళో వంటకి నేను, వీరమ్మ అత్త. నీకు తెలిసిందే, పదేళ్ళుగా ఒకే పొయ్యి దగ్గర ఉన్నాం. ఆ మంగళవారం పులిహోర. మూడో తరగతి వరసలో ఒక పిల్ల కంచంలో వెంట్రుక వచ్చింది. వచ్చింది వచ్చి త్రిమూర్తులు కూతురి కంచంలో. త్రిమూర్తులు అంటే స్కూలు కమిటీ చైర్మన్. ఏడాదినుంచీ వాళ్ళ వదినను ఆ వంట పనిలో పెట్టాలని చూస్తున్నాడు. పిల్ల ఇంటికి వెళ్ళి చెప్పేలోపే ఎవరో ఫోన్ చేశారు, బండేసుకుని వచ్చేశాడు. ఆ వెంట్రుకను పెన్ను మొనతో తీసి, తెల్ల కాగితం మీద పెట్టి ఫోటో తీసి, ఎర్ర సున్నా చుట్టి ఊరి గ్రూపులో పెట్టాడు. ఆ తర్వాతే ఇది ఎవరిదని అడిగాడు.

హెడ్మిస్ట్రెస్ ఆశాజ్యోతి గారు నెమ్మదిగానే చెప్పారు. “నూట పది మంది పిల్లలున్నారండి. ఎవరిదని చెప్తాం?”

“నూట పది మందిలో జుట్టు తిప్పుకుంటా వండేది ఎవరండీ? ఊరందరికీ తెల్సిందే కదా. వాళ్ళమ్మ అంతే, ఈవిడా అంతే, రాజమండ్రి హాస్టల్లో ఉన్న ఆ పిల్లా అంతేనంట. వంశంలో ఉందండి ఆ పిచ్చి!”

వంట గది ముందు జనం చేరారు. అందరూ నవ్వారు. ఆ మాట అన్నంతసేపూ అతని చెయ్యి మీసం మీదే ఉంది. ఆ కొసా ఈ కొసా మెలి తిప్పుతూనే ఉన్నాడు. అది పిచ్చి కాదంట. మగవాడు రోజంతా మీసం తిప్పితే దర్జా, ఆడది చెవి వెనక పాయ తిప్పితే రోగం. కాటికి పోయిన మా అమ్మ అతనికి ఏం చేసింది? ముప్ఫై మైళ్ళ అవతల పుస్తకం ముందు కూర్చున్న నువ్వేం చేశావు? వండేటప్పుడు మాకు ఇవ్వాల్సిన టోపీల సంగతి ఎవరైనా ఎత్తారా? రెండేళ్ళ కిందట ఇచ్చినవి రెండు నెలల్లో చిరిగిపోయాయి. మళ్ళీ ఇప్పించమని ఇదే కమిటీని నేను మూడుసార్లు అడిగాను. తువ్వాలు కట్టుకుని వండుతున్నాం. ఆ తువ్వాళ్ళ ఫోటో ఎవరూ గ్రూపులో పెట్టలేదు.

“ఆ జుట్టు నాది కాదు,” అన్నాను.

“నీది కాకపోతే వీరమ్మదే అవ్వాలి. ఇద్దరేగా వండేది,” అన్నాడు త్రిమూర్తులు. కమిటీ మీటింగు దాకా వీరమ్మను ఇంటి దగ్గర ఉండమన్నాడు. వీరమ్మ అత్త గరిటె కడిగి బోర్లించి, చెంబు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ మర్నాటినుంచి నేనొక్కదాన్నే వండాను. నెత్తికి రెండు తువ్వాళ్ళు కట్టాను. అయినా గ్రూపులో నవ్వులు ఆగలేదు. రెండో శుక్రవారం రాత్రి మీ నాన్న ఫోను చూస్తే త్రిమూర్తులు పెట్టిన మాట కనిపించింది. “తువ్వాలు కిందనుంచి కూడా తిప్పుతుందంట, రేపటినుంచి సాంబారు వడగట్టుకుని తాగండి.” దాని కింద నవ్వే బొమ్మలు పదిహేడు. మీ పెదనాన్న బొమ్మ కూడా ఉంది.

తెల్లారితే రెండో శనివారం, బడి లేదు. మీ నాన్న నీళ్ళ వంతుకి వెళ్ళారు. నేను చీర మార్చుకుని రావులపాలెం బస్సెక్కాను. అక్కణ్నుంచి ఆటోలో వాడపల్లి. ఏడు శనివారాలు వస్తామని మొక్కుకున్నవాళ్ళతో గుడి కిటకిటలాడుతోంది. నేను గుడి వైపు చూడలేదు, తిన్నగా కల్యాణకట్టకి వెళ్ళాను. క్షవరం చేసే అతను నీళ్ళు చల్లుతూ అడిగాడు.

“మొక్కాండీ?”

భర్త ఉన్న ఆడది మొక్కు లేకుండా గుండు చేయించుకుంటే ఊళ్ళో ఏమంటారో నీకు తెలుసు. “ఆయ్,” అన్నాను.

మొక్కు లేదు హారతీ. నీ పరీక్షల కోసం కాదు, ఎవరి ఆరోగ్యం కోసమూ కాదు. కోపం వచ్చి చేయించుకున్నాను. ఇక ముందు కంచంలో వెంట్రుక వస్తే అది నాదని ఎవడూ అనడానికి లేకుండా ఉండాలని. అంతకుమించి ఆలోచించలేదు.

తిరిగి వచ్చి బస్సు దిగేసరికి మన వీధి వాళ్ళు నలుగురు ఎదురొచ్చారు. వాళ్ళకి వాళ్ళే నిర్ణయించేసుకున్నారు. “కూతురి పరీక్షలకి మొక్కుకున్నావా చిన్నమ్మాయ్? ఎంత తల్లివే!” కాదనలేదు. సాయంత్రానికి గ్రూపులో నా ఫోటో వచ్చింది, కూతురి చదువు కోసం తల్లి త్యాగం అని. పెట్టింది ఎవరనుకున్నావు? ఆ త్రిమూర్తులే. దండాలు పెట్టే బొమ్మలు ఎన్నో నేను లెక్కపెట్టలేదు. మీ నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు రామచంద్రపురంనుంచి మంకీ క్యాప్ తెచ్చారు, ఈ ఎండలో.

జుట్టు ఉన్నప్పుడు పిచ్చిదాన్ని, తీసేస్తే దేవతను. నా ఒళ్ళు మండిపోయింది. అయినా నోరు మూసుకుని ఆ దండాలు పుచ్చుకున్నాను.

మొన్న బుధవారం కమిటీ మీటింగు అయింది. దేవుడికి జుట్టిచ్చిన మనిషి అబద్ధం ఆడదని తేల్చారు. కాబట్టి ఆ వెంట్రుక వీరమ్మదేనని తేల్చారు. ఆవిణ్ణి తీసేసి త్రిమూర్తులు వదినను పెట్టాలని రాసుకున్నారు. ఆ సాయంత్రమే నీ ఉత్తరం వచ్చింది, చున్నీతో చెయ్యి కట్టుకున్నానని.

ఇప్పుడు నీకు చెప్పవలసింది చెప్తాను. ఆ వెంట్రుక నాదే.

అది త్రిమూర్తులు కాగితం మీద పెట్టిన క్షణంలోనే గుర్తుపట్టాను. జానెడు కూడా లేదు, కొస గోరింటాకుతో ఎర్రగా ఉంది, రింగులు రింగులుగా చుట్టుకుని ఉంది. రోజూ వేలికి చుట్టి బిగిస్తే తప్ప అలా అవదు. వీరమ్మ అత్త జుట్టు చీపురు పుల్లల్లా నిటారుగా ఉంటుంది. ఫోటో ఊరంతా చూసింది, ఆ తేడా చూడాలని ఎవరూ అనుకోలేదు. నాదేనండి, పొరపాటైపోయింది అనడానికి నోరు తెరిచాను కూడా. ఈలోగా అతను మా అమ్మ పేరు, నీ పేరు ఎత్తాడు. నాదే అంటే పిచ్చి ఉందని ఒప్పుకున్నట్టే అనిపించింది. కాదన్నాను. నా మాట వెళ్ళి వీరమ్మ అత్త మీద పడింది. పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. పదహారు రోజులు నిలబడ్డాను. త్రిమూర్తులు మీద కోపం అని నాకు నేను చెప్పుకున్నాను. కోపం నిజమే. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని దాక్కున్నాను.

గురువారం పొద్దున్నే వీరమ్మ అత్త ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కొబ్బరి మట్టలు చీరి ఈనెలు తీస్తోంది. కూర్చోమనలేదు.

“అత్తా, ఆ జుట్టు నాదే,” అన్నాను.

“నాకు తెల్దేంటే? పదేళ్ళనుంచీ నీ పక్కన కూర్చుని బియ్యం ఏరతన్నాను.”

“మరి ఆ రోజే ఎందుకు అనలేదు?”

“నువ్వంటావేమోనని చూశాను,” అంది, కత్తి ఆపకుండా. “మొన్న శనివారం దాకా చూశాను. గుండు చేయించుకొచ్చావన్నాక ఇంక చెప్పవులే అనుకున్నాను.”

తిట్టి ఉంటే బాగుండేది. నేను అక్కణ్నుంచి తిన్నగా బడికి వెళ్ళాను. వీరమ్మ పేరు కొట్టేసే కాగితం మీద సంతకానికి త్రిమూర్తులు కూడా ఆశాజ్యోతి గారి గదికి వచ్చి ఉన్నాడు. మంకీ క్యాప్ తీసి బల్ల మీద పెట్టి, జరిగిందంతా ఇద్దరి ముందూ చెప్పాను. మొక్కు లేదని కూడా చెప్పాను.

త్రిమూర్తులు కుర్చీలోంచి లేచాడు. “దేవుడి పేరు మీద అబద్ధమా? ఊరు ఊరంతా దండం పెట్టింది కదే నీకు!”

పదహారు రోజులు ఒక ముసలామె పని లేకుండా కూర్చున్నందుకు కాదు, తను పెట్టిన దండం వృథా అయినందుకు అతనికి కోపం. మళ్ళీ చెయ్యి మీసం మీదకి పోయింది.

“ముందు ఆ చెయ్యి మీసం మీంచి తీసి మాట్లాడండి. వంశంలో ఉన్నట్టుంది,” అన్నాను.

ఆశాజ్యోతి గారు నవ్వు ఆపుకోవడానికి రిజిస్టరు తెరిచారు. అతను చెయ్యి దించాడు గాని, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో దోపాడు. తర్వాత ఆవిడ నా వైపు తిరిగి అన్నారు. “జుట్టు మీదేనన్న ముక్క ఆ రోజే అంటే సరిపోయేది కదండీ చిన్నమ్మాయి గారూ. టోపీ లేకపోవడం మా తప్పు, చెప్పకపోవడం మీ తప్పు.”

వీరమ్మ అత్త శుక్రవారంనుంచి పనిలోకి వచ్చింది. టోపీలకి ఆశాజ్యోతి గారు పైకి కాగితం రాశారు. నన్ను మాత్రం నెలాఖరు మీటింగు దాకా రావద్దన్నారు. ఆ పని ఉంటుందో పోతుందో అప్పుడు తెలుస్తుంది. పోతే పోతుంది, చేలల్లో కలుపు తీసే పని ఎక్కడికీ పోలేదు. వీరమ్మ అత్త నాతో ఇంకా సరిగా మాట్లాడడం లేదు. నిన్న సాయంత్రం మాత్రం ఈనెల చీపురు ఒకటి మన గుమ్మంలో పడేసి, ఆగకుండా వెళ్ళిపోయింది.

మూడో మాట. వార్డెన్ గారు జుట్టు కత్తిరించుకోమంటున్నారు, ఏం చెయ్యమంటావని అడిగావు. కత్తెర ముట్టుకోనివ్వకు. నీ వేలు, నీ జుట్టు, నీ పుస్తకం, ఆవిడకి వచ్చిన ఇబ్బంది ఏంటో కాగితం మీద రాసిమ్మను. తిప్పుకుంటే తిప్పుకో. అన్నం దగ్గర మాత్రం ముడేసి గుడ్డ కట్టుకో. తీసేస్తే పోతుందనుకోకు. నాకు తలంతా నున్నగా ఉన్నా చెయ్యి చెవి వెనక్కే పోతోంది, అక్కడ ఏమీ దొరక్క దిగి వచ్చి నల్లపూసల గొలుసును తిప్పుతోంది. ఈ ఉత్తరం రాస్తున్నంతసేపూ ఎడం చెయ్యి అదే పనిలో ఉంది.

నీ మార్కుల మీద ఏ దేవుడి దగ్గరా ఏ మాటా లేదు. చదివినంత రాయి, వచ్చినన్ని వస్తాయి.

వచ్చే రెండో ఆదివారం నేనే వస్తాను. అప్పటికి తల మీద వేలి కణుపంత కూడా పెరగదు. కొంగు కప్పుకోను, ఆ మంకీ క్యాప్ పెట్టుకోను. మీ అమ్మ మొక్కు తీర్చుకుందా అని మీ స్నేహితులు అడిగితే కాదని చెప్పు, అబద్ధం ఆడినందుకు జుట్టు పోయిందని చెప్పు. ఇంకొక్కటి. ఎక్కడైనా నీ వెంట్రుక దొరికి ఎవరిదని అడిగితే ముందు చెయ్యెత్తు. ఆ తర్వాత వాళ్ళతో ఎంతసేపు దెబ్బలాడతావో దెబ్బలాడు.

ఇట్లు,
కోపం ఇంకా చల్లారని
మీ అమ్మ
చిన్నమ్మాయి