పొడిగించిన పదవి

ఎల్.బి.నగర్

చిన్నాయనకు,

ఎదురుగా నిలబడి చెప్పలేను కనుక రాస్తున్నాను.

పోయిన నెల దిల్‌సుఖ్‌నగర్ దీక్షా శిబిరంలో మీరు, "కౌన్సిలర్ పదవి నా కాలిచెప్పుతో సమానం. రాజీనామా చేస్తున్న. వచ్చే ఎలక్షన్ల మా వార్డు ఈరమ్మదే" అన్నారు. తెలంగాణ కోసం జైలుకెళ్లొచ్చిన ఈరమ్మ ఆ మాట నమ్మి ఇల్లిల్లూ తిరిగింది. ఇప్పుడు ప్రభుత్వం ఉద్యమాన్నే సాకుగా చూపి ఎన్నికలు వాయిదా వేసింది, మీ పదవీకాలం పొడిగించింది. మీ రాజీనామా అసలు మున్సిపల్ ఆఫీసుకే చేరలేదట.

నిన్న మన గేటు ముందు టపాకాయలు కాలుస్తుంటే ఈరమ్మ వచ్చింది. "ఏంది కౌన్సిలర్ సాబ్, ఇడిసిన చెప్పు మల్ల తొడిగినవా?" అంది. "ఎలక్షన్ ఖర్సు తప్పింది గద ఈరమ్మా, సంబురపడు" అంటూ మీరు ఆమె నోట్లో లడ్డూ కుక్కారు. ఆమె అక్కడే ఉమ్మేసింది. మీరంతా నవ్వారు.

"ప్రజల కోరిక మేరకు కొనసాగుతున్న మన కౌన్సిలర్" అని ఫ్లెక్సీకి రాసిమ్మన్నారు. రాయను. రేపటి నుంచి నేనూ శిబిరంలో ఈరమ్మ పక్కన కూర్చుంటాను. నాకు పదిమందిలో మాట్లాడటం రాదు, కానీ కూర్చోవడానికి మాటలు అక్కర్లేదు. మీరు దండ వేయించుకోవడానికి అటు వస్తే, నేను మీ అన్న కూతురినని మాత్రం ఎవరికీ చెప్పకండి.