ముప్పై నాలుగో రాయి దగ్గర ఒక్క రాత్రి

సీబ్,
16 సెప్టెంబరు 1995, శనివారం.

కొండదారి దర్శన స్థలముల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సిద్రా కొండదారిలో ముప్పై నాలుగో కిలోమీటరు రాయి వద్ద, లోయ కనిపించే మలుపులో, ఈ నెల 28వ తేదీ గురువారం ఒక్క రాత్రి బస చేయుటకు అనుమతి కోరుట గురించి.

సూచిక: సదరు స్థలములో జూలై నెలలో తమరు పెట్టించిన నాలుగు వరుసల బోర్డు.

కడప జిల్లా నుంచి వచ్చి, తొమ్మిదేళ్లుగా ఈ అరబ్బు దేశపు సీబ్‌లో నివాసముంటున్న, కంపెనీ వర్క్‌షాపు ఫోర్‌మన్ ఓబులేసు గారి భార్య గురవమ్మ అను నేను తమకు మనవి చేసుకొనునది. నాకు అరబ్బీ రాదు. ఈ అర్జీని నేను తెలుగులో రాసి ఇస్తే, హమ్రియాలో టైపు దుకాణం నడిపే మా జిల్లావాడు దస్తగిర్ అరబ్బీలోకి మార్చి టైపు చేస్తాడు. తేదీ, కారు నంబరు, మనుషుల లెక్క రాస్తే చాలునని అతను ముందే చెప్పాడు. "అక్కా, ఆఫీసరుకు అర పేజీ చాలు. నీకు వదిలితే రామాయణం రాస్తావు" అన్నాడు. కారణం తెలియకుండా ఏ అధికారి అయినా అనుమతి ఎందుకివ్వాలి? కనుక వరుసగా రాస్తున్నాను.

1. బోర్డులోని రాత్రి బస నిషేధం న్యాయమైనదేనని ముందుగా ఒప్పుకుంటున్నాను. ఆ నేల ఆ ఊరివాళ్లది. బయటినుంచి వచ్చినవాళ్లు బొగ్గులు, డబ్బాలు, గాజుపెంకులు వదిలిపోయారు. కాలు తెగి కుంటుతున్న మేకను నేనే చూశాను.

2. మా వల్ల అటువంటిదేమీ జరగలేదు. 1991 డిసెంబరు నుంచి ఈ ఏడాది జూన్ వరకు రెండు నెలలకొకసారి, మొదటి గురువారం, మొత్తం ఇరవై రెండు రాత్రులు అక్కడ బస చేశాం. తీసుకెళ్లినవి, తిరిగి తెచ్చినవి ప్రతిసారీ నోటు పుస్తకంలో రాసుకున్నాను. నీళ్ల క్యాను, కిరసనాయిలు స్టవ్వు, టిఫిన్ క్యారియర్, చాపలు మూడు, దుప్పట్లు నాలుగు, చెత్త సంచి ఒకటి. అన్నిసార్లలో తేడా వచ్చింది ఒక్క చెంచా. తర్వాతిసారి వెతికి తెచ్చుకున్నాను.

3. పగలు వచ్చి చూసిపోవచ్చు కదా అని తమకు అనిపించవచ్చు. నా చెల్లెలు గంగులమ్మ ఐదేళ్లుగా సిద్రా ఊరిలో ఒక ఇంట్లో పనిచేస్తోంది. ఆ ఇంటి పెద్దావిడ మంచం దిగలేదు. ఆమెను కనిపెట్టుకుని ఉండేది గంగులమ్మే. రాత్రి నమాజు అయి ఆమె నిద్రపోయినప్పటి నుంచి, తెల్లవారు నమాజుకు లేచేదాకా మాత్రమే మా చెల్లెలి సమయం మా చెల్లెలిది. ఇంటివాళ్లు మంచివాళ్లు. మా దగ్గరికి వచ్చేటప్పుడు ఖర్జూరాలు కట్టి ఇచ్చేవాళ్లు. మమ్మల్ని ఇంటికే రమ్మన్నారు కూడా. గంగులమ్మే వద్దంది. "ఆ పాప నన్ను ఒగరింట్లో పని చేస్తాంటే చూడకూడదక్కా. కొండమీదనైతే చుట్టం మాదిరి చూస్తాది" అంది.

4. పాప అనగా నవీన, వయసు ఏడేళ్లు, పాస్‌పోర్టులో మా కుమార్తె. కన్నది గంగులమ్మ. పాపకు నాలుగు నెలలప్పుడు తండ్రి పోయాడు. గంగులమ్మకు ఇక్కడ పని కుదిరింది, కానీ ఇంటిపనికి వచ్చేవాళ్లు బిడ్డను వెంట తెచ్చుకునే వీలు లేదు. మాకు పిల్లలు లేరు. 1989లో సెలవు మీద వెళ్లినప్పుడు కడపలో దత్తత పత్రం రిజిస్టరు చేయించాం. పాపకు ఈ సంగతి చెప్పకూడదని షరతు పెట్టింది నేను. అది పత్రంలో లేదు. నోటిమాటగా పెట్టాను, ఆమె తల ఊపింది. పాప ఆమెను పిన్నీ అంటుంది. కొండమీద పాప నిద్రపోయాక, గంగులమ్మ పక్కన కూర్చుని చూసేది. ఆ లోయను చూడటానికి దేశదేశాల నుంచి వస్తారని విన్నాను. మా చెల్లెలు ఇరవై రెండు రాత్రులూ లోయకు వీపు పెట్టే కూర్చుంది.

5. ఈ అంశం తీసేయమని దస్తగిర్ అంటాడు. టైపు చేయవలెను. జూన్ 1వ తేదీ రాత్రి గంగులమ్మ పాపను తన చాపమీద పడుకోబెట్టుకోబోయింది. పాప, "పిన్ని దగ్గరొద్దు, అమ్మ దగ్గర" అంటూ దొర్లుకుంటూ నా వైపు వచ్చేసింది. పాప నిద్రపోయాక గంగులమ్మ అడిగింది.

"ఇంగెప్పుడు చెప్తావక్కా?"

"ఇప్పుడేం తొందర?"

"ఏడేండ్లు నిండె. నేను పోయినంక చెప్తావా?"

నేను మాట తూలాను. "రెండు నెల్లకొక రాత్రి చూసేదానివి నువ్వు. జరమొస్తే తెల్లార్లూ కూచునేది నేను. కన్నంత మాత్రాన అమ్మవైపోతావా?" అన్నాను.

ఆమె చీకటితోనే లేచి, తన చాప చుట్టి, దుప్పటి మడిచి, నా లెక్క తప్పకుండా రెండూ కారు దగ్గర పెట్టింది. కొంత దూరం నడిచి, "ఇంగ మీరు రాబల్లేదులేక్కా" అంది. ఆ రోజు పుస్తకంలో నేను 'వస్తువులు సరిపోయినవి' అని రాసుకున్నాను.

6. ఆగస్టు 3న, తప్పయిందని చెప్పుకుందామని వెళ్లాం. మలుపులో కొత్త బోర్డు, అడ్డంగా గొలుసు, కాపలాదారు సాలిం. ఆయన మర్యాదస్థుడు. హిందీలో నిదానంగా చెప్పాడు, రాత్రి ఉండకూడదని, ఉంటే మాకూ తనకూ ముష్కిల్ అని. మా చెల్లెలు వస్తుంది, మేం వచ్చి వెళ్లామని చెప్పమన్నాను. "నా డ్యూటీ తొమ్మిదికి ఖలాస్. పరాయింటి ఆడమనిషి కోసం చీకట్లో నిలబడితే ఊరు ఊరుకుంటుందా? నాకిద్దరు భార్యలమ్మా. ఇద్దరికీ జవాబు చెప్పుకోవాలి" అన్నాడు. గంగులమ్మకు చదువు రాదు. అందుకని చీటీ రాయకుండా, ఆమె కూర్చునే రాయి కింద కజ్జికాయల డబ్బా పెట్టి, దానికి పాప రిబ్బను కట్టి వచ్చాం. వరుస తప్పినా ఉండబట్టలేక సెప్టెంబరు 7న మళ్లీ వెళ్లాం. రాత్రి ఎనిమిదింటికి మళ్లీ దిగిపొమ్మన్నాడు. డబ్బా ఆమెకు అందిందా అని అడిగాను. బోర్డులో నాలుగో వరుస చూపించి, అర్థం చెప్పాడు. 'వదిలివెళ్లిన వస్తువు చెత్తగా పరిగణించబడును.'

7. బర్కా తోటల నుంచి నెలకొకసారి కొండమీది దుకాణానికి కూరగాయలు వేసే అంకయ్య మా ఇంటికీ కూరలిస్తాడు. 13వ తేదీన వచ్చినప్పుడు, "మీ చెల్లెలు ఏందక్కా, ఆ రాతిమీద ఒగతే కూచోనుండాది?" అని అడిగాడు. 8వ తేదీ తెల్లవారకముందే బండిని కొండ దింపుతుంటే లైట్ల వెలుతురులో చూశాడట. అంటే మమ్మల్ని పంపేసిన రాత్రే. ఆమె ఆ ఊరి ఇంటి మనిషి కనుక ఆమెకు నిషేధం లేదు. అంకయ్య పలకరిస్తే, "అక్క రాదులే అన్నా. నేనే రావద్దంటి. అయినా బేస్తవారం బేస్తవారం వచ్చి కూచుంటా" అందట. ఆ ఇంటి యజమానికి సలాలాకు బదిలీ అయిందని, ఈ నెల 30న ఇల్లు తాళం వేసి పెద్దావిడతో సహా అందరూ వెళ్లిపోతారని కూడా చెప్పిందట. "పోయేలోపల ఆఖరు బేస్తవారం గూడా వచ్చి చూస్తా" అందట. ఆ బేస్తవారమే 28వ తేదీ. ఆ ఇంట్లో ఫోను లేదు. అంకయ్య మళ్లీ కొండెక్కేది వచ్చే నెలలో. సలాలా ఇక్కడికి వెయ్యి కిలోమీటర్లు. ఆమె వద్దన్న ఇంటికి పాపను తీసుకుని పోలేను. ఆమె మనసు ఒకసారి విరిచాను, అది చాలు.

8. 14వ తేదీ సాయంత్రం పాపకు చెప్పాను. జడ వేస్తూ చెప్పాను, నా ముఖం కనపడకుండా. పాప రిబ్బను తనే కట్టుకుంది. తర్వాత, "నేను పిన్ని దగ్గరొద్దని అంటినే, వినిందా?" అని అడిగింది. వినిందని చెప్పాను. అబద్ధం చెప్పవలసింది. అప్పటినుంచి నన్ను అమ్మా అనలేదు. ఇంకోలా కూడా పిలవలేదు. ఏదన్నా కావలసివస్తే వచ్చి నా కొంగు పట్టుకుని నిలబడుతోంది. ఇది మూడో రోజు.

కావున, 28వ తేదీ సాయంత్రం ఆరు నుంచి మరునాటి ఉదయం ఆరు వరకు మాకు అనుమతి ఇప్పించవలెను. మా ఆయన, నేను, పాప ముగ్గురం, మా చెల్లెలితో నలుగురం. స్టవ్వు తీసుకురాము. పులిహోర కలిపి తెస్తాను. మేం వచ్చేటప్పుడు, పోయేటప్పుడు సాలిం గారు మా సామాను లెక్కపెట్టుకోవచ్చు. చాపలు ఎప్పటిలాగే మూడు. పాప ఎవరి చాపమీద పడుకుంటుందో మాత్రం ముందుగా రాసి ఇవ్వలేను. అది పాప ఇష్టం. ఎక్కడ పడుకున్నా నేను మాట్లాడను.

ఇందులో అంకెలన్నీ సరిచూశాను. మిగతాది తమరు దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
గురవమ్మ

జత: నోటు పుస్తకం నకలు, పదకొండు పేజీలు.

తా.క.: అనుమతికి నియమం ఒప్పుకోకపోతే, ఆ ఒక్క రాత్రి సాలిం గారి డ్యూటీని పదిన్నర దాకా పొడిగించి, కింది మాటలను ఆయన చేత చదివించవలెను. ఆఫీసు కాగితం చదివితే ఊరు ఏమీ అనదు, ఆయన ఇంట్లోనూ అడగరు. మాటలు తెలుగువే. దస్తగిర్ వాటిని అరబ్బీ అక్షరాల్లో రాసి ఇస్తానన్నాడు. ఇది విన్నప్పుడు మాత్రం అతను వేళాకోళం చేయలేదు. సాలిం గారికి అర్థం కాకపోయినా ఫరవాలేదు. రాతిమీద కూర్చున్న మనిషికి వినపడేట్టు, నిదానంగా చదివితే చాలు:

"గంగులూ, నేను అక్కను. అలిగి రాకుండా లేను. రెండుసార్లు వచ్చి బోర్డు కాడ్నుంచి తిరిగిపోయినా. చలిలో కూచోవాకు, ఇంటికి పో. పాపకు చెప్పేసినా."