కోల్డ్ స్టోరేజీలో దాచిన క్యాసెట్టు

అక్కా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది.

పెళ్ళిళ్ళు తీసే నా కెమెరాతోనే మనం పిల్లల కథల క్యాసెట్లు మొదలుపెట్టాం. నువ్వు చెప్తే నేను తీసేవాణ్ణి. దర్శి నుంచి వినుకొండ దాకా వీడియో షాపులవాళ్ళు కాపీలు అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు. ఆ కాపీలన్నీ అరిగిపోయాయి. అసలు క్యాసెట్టు ఎండలకి పాడవుతుందని కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాల మధ్య దాచాను. తేమ సంగతి తట్టలేదు. ఇవాళ తెచ్చి చూస్తే టేపు మీద తెల్లగా బూజు.

"మామయ్యా, అమ్మ కథ పెట్టవా?" అంటూ నీ కూతురు టీవీ ముందు కూర్చుంది. పెడితే టేపు చుట్టుకుపోయి తెగుతుందేమోనని క్యాసెట్టు చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

ప్రతి కథకీ ముందు నువ్వు, "భయపడకండి పిల్లలూ, నేనున్నాగా" అనేదానివి.

ఆ మాట కూడా ఈ టేపులోనే ఉందక్కా.