వంగిన స్కేలు

అక్కయ్యకు నమస్కరించి చెల్లెలు రాస్తున్నది. ఇక్కడ ఆయనా, పాపా కులాసా. నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావగారి మోకాలి నొప్పి కాస్త తగ్గిందా?

"హోలోగ్రామ్ అంటే దయ్యాన్ని పట్టి సీసాలో పెట్టడమేనా?" అని కిందటి ఉత్తరంలో అడిగావు. పడీపడీ నవ్వాను. ఇంచుమించు అంతే! లేజర్ వెలుగును రెండు పాయలు చేస్తాం. ఒకటి వస్తువును తాకి గాజుపలక మీదికి వస్తుంది, రెండోది నేరుగా వస్తుంది. రెండూ కలిసిన తీరును పలక గుర్తుపెట్టుకుంటుంది. తరవాత దాని మీద వెలుగు వేస్తే, లేని వస్తువు ఉన్నట్టే నిలబడుతుంది. తల వంచి చూస్తే దాని పక్క భాగం కూడా కనిపిస్తుంది. బల్ల వెంట్రుకవాసి కదిలినా బొమ్మ పడదు. అందుకే పిల్లలచేత ఊపిరి బిగబట్టిస్తాను.

కంటిని బోల్తా కొట్టించే డిజైన్లు కూడా నేర్పుతున్నాను. మావాళ్లు వరండా నేలమీద గొయ్యి ఉన్నట్టు రంగులు వేస్తే, ప్రిన్సిపాల్ గారు గోడ పట్టుకుని పక్కనుంచి నడిచారు!

నా క్షేమం రాయలేదని ఈపాటికి నువ్వు కనిపెట్టే ఉంటావు. రాయడానికి చెయ్యి ఆడలేదక్కా.

మొన్నామధ్య క్లాసులో, తిన్నని గీతల మీద ఏటవాలు గీతలు గీస్తే అవి వంగినట్టు ఎలా కనిపిస్తాయో చూపించాను. పోల్చి చూడమని పక్కనే ఉత్త గళ్లు గీశాను. తీరా చూస్తే అవి కూడా నడుమ వంగి ఉన్నాయి. "ఇవెందుకు వంగాయో చెప్పండి," అన్నాను. ముందు బెంచీలో ఒకమ్మాయి ఉంటుంది, దేన్నీ ఊరికే ఒప్పుకోదని అందరూ 'అనుమానం' అని పిలుస్తారు.

"అవి తిన్నగానే ఉన్నాయి కదా మేడమ్," అంది.

స్కేలు తీసి ఆనించాను. స్కేలు కూడా వంగింది.

"మీ కళ్లని నమ్ముతారో, నా మాట నమ్ముతారో చూద్దామని అన్నానులే," అంటూ నవ్వేశాను. స్టాఫ్ రూములోకి వెళ్లి ఒక్కో కన్నూ మూసి కిటికీ చువ్వలు చూశాను. ఎడమ కంటికి తిన్నగానే ఉన్నాయి. కుడి కంటికి నడుమ వంకర, ఆ వంకర మధ్యలో బూడిదరంగు మచ్చ.

ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందేమోనని భయం. మర్నాడు ల్యాబులో ఎప్పటిలాగే నేనే అద్దం తిప్పుతూ లేజర్ సరిచేస్తున్నాను. ఆ కిరణం ఎవరి కంట్లోనూ పడకుండా చూసుకోవలసింది కూడా నేనే. ఎర్రచుక్క కోసం గోడంతా వెతుకుతున్నాను. బల్లకి అవతల ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు.

"ఆపండి మేడమ్! వాడి గడ్డం మీద పడుతోంది!" అని అరిచింది అనుమానం.

స్విచ్ కొట్టేశాను. ఇంకొక్క పిసరు పైకి తిప్పి ఉంటే వాడి కంట్లోనే పడేది. వాడు "నాకేం కాలేదు మేడమ్," అంటూ నవ్వుతున్నాడు. నేను స్టూలు మీద కూలబడి, "నాకు సరిగ్గా కనిపించడం లేదర్రా," అని ఆ పిల్లల ముందే బయటపడ్డాను. అప్పటికి ఆయనకైనా చెప్పలేదు.

సాయంత్రం సంగతి చెప్పగానే ఆయనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. "రెటీనా కింద నీరు చేరినట్టుంది. కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. పరీక్షలు చేస్తేగానీ చెప్పలేను. మీ ఇంట్లో ఎవరికైనా చూపు పోయిందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"మా అమ్మకి."

"ఎలా మొదలైంది?"

నాకు ఊహ తెలిసేసరికే అమ్మ నీ భుజం పట్టుకుని నడుస్తోంది. నువ్వు చదువు మానేసి ఆమెకు కళ్లయ్యావు. ఆ భుజం మీద ఇప్పుడు నా చెయ్యి కూడా పడుతుందేమోనని ఈ ఉత్తరం ఇన్నాళ్లూ వాయిదా వేశాను.

ల్యాబును తోటి మాస్టారికి అప్పగించాను. పొద్దున్నే ఎడమ కన్ను మూసి పాప మొహం చూస్తాను. ముక్కు ఉండదు.

అక్కా, అమ్మకి మొదట్లో ఇలాగే వంకరగా కనిపించేదా? కాదంటే వెంటనే ఓ ముక్క రాయి. అవునంటే మాత్రం రాయొద్దు. నువ్వే రా.

ఇట్లు,
నీ చెల్లి