ఎర్ర గమ్ ముక్క

ఏప్రిల్ 3, 2007
డాక్టరమ్మ కారు మళ్లీ షెడ్డుకొచ్చింది. వనపర్తి మొత్తంలో ఇలాంటి ఇంజను ఇదొక్కటే. ఫిబ్రవరిలో నేనే సర్వీసు చేశాను. ఊళ్లో తిరిగితే ఏ ఇబ్బందీ లేదట. నిన్న కొత్తకోట దగ్గర హైవే ఎక్కి లారీని దాటబోతే పికప్ లేదు. మీటరులో పసుపు లైటు.
"ఎదురుంగ బస్సొస్తుంది మల్లేశన్నా. కాలు మొత్తం తొక్కిన, బండి కదుల్తలేదు. పానం పోయినట్టే అనుకున్న."
నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు.
"పది దినాలు చూడు. కాకుంటె హైదరాబాద్ తోలిస్త. మా దవాఖానల ఇంకో ఇద్దరు గిట్లాంటి కార్లే కొంటమంటున్రు. నీ గురించి అడుగుతున్రు."
ఇరవై ఏళ్లుగా జీపులు, ట్రాక్టర్లు. ఈ కారు బాగుపడితే కొత్త బండ్లు నా దగ్గరికే వస్తాయి. లేకపోతే మళ్లీ జీపు కిందే పడక. జీపంటే చిన్నచూపేమీ లేదు... అయినా.

ఏప్రిల్ 4
డాష్‌బోర్డు కింద చిన్న సాకెట్. దాని రెండు కాళ్లనూ తీగముక్కతో కలిపితే పసుపు లైటు మిణుకుతుంది. పొడుగు మిణుకులు రెండు, పొట్టివి రెండు, అంటే ఇరవై రెండో నంబరు రోగం. ఈ ఇంజను పుస్తకం తీసి చూశాను. గాలి వాల్వును ఎక్కువ ఎత్తు లేపడానికి కావలసిన ఆయిల్ ప్రెషర్ అందడం లేదట.
ఎంత హాయిగా ఉందో! ఏ జీపైనా తన రోగం తానే చెప్పుకుందా ఇన్నేళ్లలో?

ఏప్రిల్ 5
అన్నం తింటూ మా ఆవిడ పద్మకు వివరించాను. వాల్వులను నొక్కే మామూలు రాకర్ల నడుమ ఇంకో పెద్ద రాకర్ ఉంటుంది. నెమ్మదిగా పోయేటప్పుడు అది ఊరికే ఊగుతుంది. వేగం పెంచితే ఆయిల్ ఒక పిన్నును తోస్తుంది, మూడూ జత కలుస్తాయి, వాల్వు ఇంకా పైకి లేస్తుంది, ఇంజను నిండుగా గాలి పీలుస్తుంది...
పద్మ గద్వాల మగ్గాల ఇంట్లో పుట్టింది.
"గంతేనా? మా కుట్టు నేత లెక్కనే గద. పట్టు అంచు దారం నూలు దారానికి తగులుకోకుంటె అది చీర గాదు, మూడు పేలికలు."
నేను మూడేళ్లు పుస్తకం తిరగేసి నేర్చుకున్నది ముద్ద మింగేలోపు చెప్పేసింది.

ఏప్రిల్ 6
ఆయిల్ లెవెల్ సరిగానే ఉంది. వైరు తెగలేదు. ఆయిల్‌కు దారి వదిలే సోలినాయిడుకు బ్యాటరీ కరెంటు ఇచ్చాను — టక్. బతికే ఉంది. గేజీ పెట్టి చూస్తే పంపు కూడా బాగానే కొడుతోంది. మరి ప్రెషర్ పిన్ను దాకా ఎందుకు పోదు?
సాయంత్రం డాక్టరమ్మ ఆగి అడిగింది. ఏదో ఒకటి చెప్పాలి కదా... నోరు జారింది.
"అంతకుముందు షోరూమోళ్లు ఏదో కెలికిన్రు మేడం."
ఆమె తలూపింది. నమ్మింది.

ఏప్రిల్ 7
కొల్లాపూర్ మామిడికాయలొచ్చాయి. పద్మ ఉప్పూకారం అద్ది ఇచ్చింది. ఇవాళ కారు ముట్టలేదు.

ఏప్రిల్ 9
దొరికింది.
సోలినాయిడు విప్పాను. దాని కింద వేలిగోరంత జల్లెడ. ఆయిల్ దాన్ని దాటితేనే పిన్ను దగ్గరికి పోతుంది. ఆ జల్లెడకు అడ్డంగా, ఆయిల్ కారకుండా పూసే ఎర్రటి గమ్ ముక్క.
నా గమ్మే. ఫిబ్రవరిలో అక్కడ ఆయిల్ చెమ్మ కనబడింది. కొత్త ప్యాకింగ్ వేయకుండా, జీపుకు పూసినట్టు పూసి బిగించాను. "ఆయిల్ కారొద్దంటె దండిగ పుయ్యాలె" అని పని నేర్పిన మా ఉస్తాద్ చెప్పేవాడు. బయటికి ఉబ్బిన గమ్ తుడిచాను. లోపలికి ఉబ్బింది ఎవరు చూశారు? జీపుకైతే దారులు పెద్దవి, ఏం పడ్డా మింగేస్తుంది.
లారీ, ఎదురుగా బస్సు, ఆమె కాలు మొత్తం తొక్కడం... గమ్ ముక్కను ఊడదీసి జేబులో వేసుకున్నాను. సిగ్గేసింది. పైగా మొన్న షోరూమోళ్లు కెలికారన్నాను.

ఏప్రిల్ 12
హైదరాబాద్ నుంచి బస్సులో ప్యాకింగ్ వచ్చింది. గమ్ చుక్క తగలకుండా బిగించాను. పెబ్బేరు దారిలో ట్రయల్. మూడో గేరు, కాలు అదిమిపట్టి... ఒక్కసారిగా ఇంజను గొంతు మారింది! సీటు వీపును తోసింది. పసుపు లైటు లేదు. కారులో ఒక్కణ్నే కేక పెట్టాను. గొర్లకాపరి నిలబడి చూశాడు, చూడనీ.
ఇంటికొచ్చి పద్మకు అంతా చెప్పాను.
"మరి ఆమెకు చెప్తవా?"
"బండి బాగైంది గద."
"నేనడిగింది బండి గురించి గాదు" అంది పద్మ.

ఏప్రిల్ 13
చెప్పాను. గమ్ ముక్కను అరచేతిలో పెట్టుకుని. "షోరూమోళ్లు గాదు మేడం. తప్పు నాదే."
ఆమె ఆ ముక్కను వేళ్లతో తీసుకుని చూసింది.
"మేము కడుపు కుట్టే ముందు గుడ్డలు లెక్కపెడ్తం మల్లేశన్నా. ఒక్కటి లోపల మిగిలినా మనిషి దక్కదు."
కారు తాళాలు బల్ల మీద పెట్టాను.
"ఆ ఇద్దరికి నీ గురించి ఏం చెప్పాలె?"
"జరిగింది చెప్పుండ్రి మేడం."
తాళాలు తీసుకుంది. గమ్ ముక్కను మందుల చీటీలో చుట్టి బ్యాగులో వేసుకుంది. మళ్లీ వస్తాననలేదు, రాననీ అనలేదు.
అన్నం మాత్రం కడుపునిండా తిన్నాను. వారం రోజుల తర్వాత.

ఏప్రిల్ 16
పద్మ పాత పంచె చింపి పది గుడ్డలు చేసిచ్చింది. పని మొదలుపెట్టేటప్పుడు పది, బిగించేటప్పుడు పది. బాగుంది ఈ పద్ధతి. ఆత్మకూరు జీపు మీద మొదలుపెట్టాను. బిగించబోతే తొమ్మిదే తేలాయి. పదోది నా భుజం మీదే ఉంది.

ఏప్రిల్ 24
జీపులే. రెండు.

ఏప్రిల్ 29
పొద్దున జీపు కింద ఉన్నాను. రోడ్డు మీద ఆ ఇంజను శబ్దం, నెమ్మదిగా వచ్చి షెడ్డు దాటగానే గొంతు మారింది. ఎంత చక్కగా పలికిందో! పాకుతూ బయటికొచ్చేసరికి డాక్టరమ్మ కారు మలుపు తిరుగుతోంది. వెనకే అలాంటిదే ఇంకొకటి, కొత్తది, నంబరు కూడా పడలేదు. రెండూ ఆగలేదు. కొత్తకోట వైపే పోయాయి. అటు పోతే హైవే, హైవే పడితే హైదరాబాద్.
కొత్త కారు ఎలా పోతుందో చూడటానికి ఊరికే తిరుగుతున్నారేమో. లేక సర్వీసుకే పోతున్నారేమో. తిరిగి రావాలంటే ఇదే దారి.
ఇప్పుడు నాలుగయింది, ఇంకా రాలేదు. గుడ్డలు ఉతికి ఆరేశాను. పది ఉన్నాయి.