కొల్లేటి చేనికి తగిన ట్రాక్టరు

జ్యేష్ఠ బహుళ పంచమి, రాత్రి.

ఏలూరు షోరూములో నిన్న నేను మెచ్చిన పెద్ద ట్రాక్టరుకు రేపు అడ్వాన్సు ఇవ్వవలసి ఉన్నది. ఎన్నో ఏళ్లుగా మా చేను దున్నుతున్న ఏసురత్నానికి ఈ సాయంత్రం దాని బొమ్మ చూపించాను. చాలా బాగుందన్నాడు. తరువాత మెల్లగా, "ఓసారి చెప్పులు విడిచి చేలోకి దిగండి, పంతులుగారూ" అన్నాడు.

నీరు పెట్టిన మడిలో పిక్కల దాకా కూరుకుపోయాను. చేయి అందించి గట్టెక్కించాడు.

"మీరు యాభై కేజీలుంటారేమోనండి. ఇది రెండు టన్నులండి. చింతలపూడి మెట్టలో అయితే మహారాజులా నడుస్తుందండి. మన బురదలో దీన్ని లాగడానికి ఇంకోటి కొనాలండి."

నవ్వాను గాని మనస్సు చివుక్కుమన్నది. నేలలో క్రుంగిన కర్ణుని రథచక్రాన్ని వర్ణించి ఎన్ని సభలలో కన్నీరు పెట్టించానో! షోరూములో మాత్రం అది స్ఫురించలేదు. నేను చూచినది దాన్ని చూచి మెచ్చుకొనే ఊరి కళ్లనే గాని మా నేలను కాదు.

రేపు ఏసురత్నాన్ని వెంటబెట్టుకొని వెళ్లి, బురదలో దమ్ము చేయడానికి ఇనుప చక్రాలు తగిలించుకొనే తేలికపాటి బండిని అతని చేతనే ఎంపిక చేయిస్తాను. పెద్దది కొని ఉంటే, దిగబడిన నాడు దాని మీద ఉండేది అతడు. గట్టున నిలిచి చూచేది నేను.